ఈ బిడ్డకు రేపు ఏం నేర్పాలి?

హైదరాబాదు నుంచి శ్రీశైలం రోడ్డు పట్టుకుని తుక్కుగూడ దాటి దక్షిణంగా వెళితే కందుకూరు వస్తుంది. రంగారెడ్డి జిల్లాలో ఇదొక మండల కేంద్రం. ఒకవైపు కూరగాయల చేలు, వాటి పక్కనే కొత్తగా వేసిన ప్లాట్ల హద్దురాళ్లు. ఈ మండలంలోని మీర్‌ఖాన్‌పేటలోనే 2024 ఆగస్టు 1న స్కిల్ యూనివర్సిటీకి పునాదిరాయి పడింది. మహేశ్వరం నుంచి ఇబ్రహీంపట్నం దాకా ఎక్కడ నలుగురు కూర్చున్నా ఈ ప్రాంతంలో ప్రభుత్వం కట్టబోయే కొత్త నగరం గురించే మాట్లాడుకుంటున్నారు. ఆ నగరంలో ఏ పిల్లలకు చోటుంటుందో మాత్రం ఈ ఊళ్ల సర్కారు బడుల్లో, ఒకటో తరగతిలోనే చాలావరకు తేలిపోతుంది.

వైకల్యం ఉన్న బిడ్డను బడిలో చేర్చడానికి వచ్చే తల్లి చేతిలో, ఆఫీసుల చుట్టూ తిరగగలిగి ఉంటే, ఒక కాగితం ఉంటుంది. అదే సదరం సర్టిఫికెట్. క్యాంపులో డాక్టర్లు చూసి వైకల్యం ఎంత శాతమో వేసి ఇస్తారు. 40 శాతం ఉంటే పింఛనుకు, బస్సు పాసుకు, రిజర్వేషన్‌కు దారి దొరుకుతుంది. పేద కుటుంబానికి అది చాలా విలువైన కాగితం. కానీ అదే కాగితాన్ని టీచరు చేతికిస్తే ఆమెకు దొరికేది ఒక అంకె మాత్రమే. 60 శాతం అని రాసి ఉన్న పిల్లాడికి రేపు పొద్దున ప్రార్థన అయ్యాక ఏ పని చెప్పాలో, పలక మీద ఏం రాయించాలో అందులో ఉండదు.

ఈ పిల్లల చదువు మీద జరిగిన పరిశోధనలో బడికి నిజంగా పనికొచ్చిన భాగమంతా ఈ ఖాళీని పూడ్చడానికి చేసిన ప్రయత్నమే. బిడ్డలో ఎంత లోపం ఉందో కొలవడం దగ్గర ఆగకుండా, బిడ్డ ఇప్పుడు ఎక్కడున్నాడు, తర్వాత వేయగలిగిన అడుగు ఏది అని అడగడం నేర్చుకున్న చరిత్ర అది. అందులో ఒక ముఖ్యమైన భాగం కందుకూరుకు రెండు గంటల ప్రయాణ దూరంలోపే, సికింద్రాబాదులో జరిగింది.

ఎంతమంది ఉన్నారు?

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వైకల్యం ఉన్నవారు 2 కోట్ల 68 లక్షల మంది, అంటే జనాభాలో 2.21 శాతం. వంద మంది పిల్లలున్న బడిలో ఇద్దరో ముగ్గురో ఉంటారన్నమాట.

2018లో ప్లాస్ మెడిసిన్ పత్రికలో ఒక అధ్యయనం అచ్చయింది. నరేంద్ర అరోరా, ఆయన సహచరులు దేశంలో ఐదు చోట్ల 2 నుంచి 9 ఏళ్ల పిల్లలు 3,964 మందిని పరీక్షించారు. ఆ ఐదు చోట్లు పల్వల్, కాంగ్రా, ధెంకనాల్, ఉత్తర గోవా, మన హైదరాబాదు. చూపు, వినికిడి, మాట, మూర్ఛ, కండరాల కదలిక, బుద్ధి వికాసం, ఆటిజం - వీటన్నిటినీ చూశారు. ఆరేళ్లు దాటిన పిల్లల్లో ఏకాగ్రత లోపాన్ని, చదవడంలో రాయడంలో వచ్చే ప్రత్యేక ఇబ్బందులను కూడా చూశారు. ఆరేళ్ల లోపు పిల్లల్లో 9.2 శాతానికి, 6 నుంచి 9 ఏళ్ల పిల్లల్లో 13.6 శాతానికి వీటిలో కనీసం ఒకటి ఉన్నట్టు తేలింది. అలాంటి పిల్లల్లో దాదాపు ఐదో వంతు మందికి ఒకటి కంటే ఎక్కువే ఉన్నాయి.

2.21 శాతానికి, 13.6 శాతానికి మధ్య ఇంత తేడా ఎందుకు వచ్చింది? రెండు లెక్కలూ వేర్వేరు ప్రశ్నలు అడిగాయి. జనాభా లెక్కల వాళ్లు గుమ్మంలో నిలబడి ఇంటిపెద్దను అడుగుతారు. ఇంటివాళ్లకు తెలిసినది, చెప్పడానికి ఇష్టపడినది మాత్రమే ఫారంలోకి ఎక్కుతుంది. అక్షరాలు పట్టుబడకపోవడం, నిమిషం కుదురుగా కూర్చోలేకపోవడం ఆ ఫారంలో వైకల్యాలే కావు. పరిశోధకులు పిల్లాడినే దగ్గర కూర్చోబెట్టుకుని పరీక్షించారు. స్వల్పంగా ఉన్న ఇబ్బందులు కూడా బయటపడ్డాయి. బడికి పనికొచ్చే లెక్క ఇదే. ముప్ఫై మంది ఉన్న తరగతిలో ముగ్గురు నలుగురు పిల్లలు ఏదో ఒక సాయం లేనిదే వెనకబడిపోతారని, వాళ్లలో చాలామంది చేతిలో ఏ సర్టిఫికెట్టూ ఉండదని ఇది చెబుతోంది.

ఆ అధ్యయనం కారణాలను కూడా వెదికింది. ఇంట్లో కాన్పు కావడం, పుట్టగానే బిడ్డ ఏడవకపోవడం, నెలలు నిండకుండా లేదా తక్కువ బరువుతో పుట్టడం, పసితనంలో మెదడుకు ఇన్ఫెక్షన్ సోకడం, పోషకాహారం అందక ఎత్తు పెరగకపోవడం - ఈ పిల్లల్లో ఇవి ఎక్కువగా కనిపించాయి. వీటిలో చాలావాటిని ఆస్పత్రి, అంగన్‌వాడీ సరిగా పనిచేస్తే ఆపవచ్చు. కాబట్టి బిడ్డ వైకల్యానికి తల్లి జాతకాన్నో, పూర్వజన్మ కర్మనో తిట్టే అలవాటు ఇకనైనా పోవాలి.

కారణం తెలిస్తే పరిష్కారం ఎంత దగ్గరలో ఉంటుందో చెప్పే ఉదాహరణ మన పక్కనే ఉంది. హైదరాబాదులోని ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థకు చెందిన రాఖీ దండోనా, లలిత్ దండోనా బృందం మహబూబ్‌నగర్ జిల్లా పల్లెల్లో 7 నుంచి 15 ఏళ్ల పిల్లలు 4,074 మంది కళ్లు పరీక్షించి 2002లో ఫలితాలు ప్రకటించింది. చూపు తగ్గిన కళ్లలో 61 శాతానికి కారణం దృష్టిదోషం. సరైన అద్దాలు పెడితే తీరిపోయే సమస్య అది. బోర్డు కనిపించని పిల్లకు మొద్దు అని పేరు పెట్టి వెనక బెంచీలో కూర్చోబెట్టడం మన బడుల్లో మామూలే. బుర్ర సంగతి మాట్లాడే ముందు కంటి పరీక్ష, చెవి పరీక్ష చేయించాలి. వైకల్యం మీద పరిశోధన బడికి చెప్పే మొదటి పాఠం ఇది.

మనోవికాస్ నగర్ చిట్టా

సికింద్రాబాదులో బోయినపల్లి దగ్గర మనోవికాస్ నగర్ ఉంది. 1984లో కేంద్ర ప్రభుత్వం అక్కడ బుద్ధిమాంద్యంపై ఒక జాతీయ సంస్థను నెలకొల్పింది. చాలాకాలం ఎన్ఐఎంహెచ్ అనే పేరుతో నడిచింది, ఇప్పుడు ఎన్ఐఈపీఐడీ అంటున్నారు. ఇది మొదలైన నాటికి దేశంలో ఇలాంటి పిల్లలను కొలవడానికి ఎక్కువగా వాడుతున్నది ఐక్యూ పరీక్ష. దాంతో ఒక అంకె వచ్చేది. సర్టిఫికెట్ మీది శాతం లాగే ఆ అంకె కూడా టీచరుకు దారి చూపేది కాదు.

అంతకుముందే, 1975లో, మద్రాసులో జయచంద్రన్, విమల అనే ఇద్దరు ఇంకో దారి వెదికారు. బతకడానికి కావలసిన నైపుణ్యాలను 18 రంగాలుగా విడగొట్టి, ఒక్కో రంగంలో 20 అంశాల చొప్పున 360 అంశాల జాబితా తయారు చేశారు. తినడం, బట్టలు వేసుకోవడం దగ్గర్నుంచి డబ్బు లెక్కపెట్టడం దాకా అన్నీ తేలికైన వాటి నుంచి కష్టమైన వాటి వరకు వరసలో ఉంటాయి. బిడ్డకు ఏ అంశం దాకా వస్తుందో గుర్తుపెడితే, ఆ పైది రేపటి పాఠం అవుతుంది.

మనోవికాస్ నగర్ పరిశోధకులు ఈ దారిని ఇంకా ముందుకు తీసుకెళ్లారు. 1992లో రీటా పేషావారియా, ఎస్. వెంకటేశన్ ఒక కొలమానం రూపొందించారు. అందులో మొదటి భాగంలో ఏడు రంగాల్లో 280 నైపుణ్యాలు ఉంటాయి. రెండో భాగంలో 75 సమస్యాత్మక ప్రవర్తనలు ఉంటాయి. కొట్టడం, వస్తువులు విసరడం, ఒకే కదలికను పదే పదే చేయడం లాంటివి. జయంతి నారాయణ్, ఆమె సహచరులు ప్రత్యేక పాఠశాలల టీచర్ల కోసం తరగతుల వారీగా ఇంకో చిట్టా తయారు చేశారు. ఒక స్థాయిలోని అంశాల్లో 80 శాతం వస్తే పిల్లవాణ్ని పై స్థాయికి పంపవచ్చు. మామూలు బడుల్లో చదువులో వెనకబడిన పిల్లల కోసం ఆమె 1997లో మరో సాధనం తెచ్చారు. నాలుగో తరగతిలో కూర్చున్న పిల్లాడు చదవడంలో, లెక్కల్లో నిజంగా ఏ తరగతి స్థాయిలో ఉన్నాడో అది చూపిస్తుంది.

ఈ చిట్టాల విలువ టీచరు, తల్లి మాట్లాడుకునేటప్పుడు తెలుస్తుంది. మన ఊళ్లలో ఆ మాటలు సాధారణంగా ఇలా మొదలవుతాయి. "మా పిల్లగానికి ఏం రాదు సార్." అనుభవం ఉన్న టీచరు అక్కడ ఆగనివ్వడు. "ఏం రాదని చెప్పకమ్మా, ఏం వస్తదో చెప్పు. గ్లాసు పట్టుకుంటడా? పేరు పెట్టి పిలిస్తే చూస్తడా? ఆకలైతే ఎట్ల చెప్తడు?" అని అడుగుతాడు. తల్లి ఆలోచించి ఒక్కొక్కటే చెబుతుంది. పది నిమిషాలు గడిచేసరికి ఏమీ రాని పిల్లాడికి ఇరవై పనులు వచ్చని తేలుతుంది. వాటి పక్కనే ఇరవై ఒకటో పని ఉంటుంది. చదువు మొదలుపెట్టవలసిన చోటు అదే.

గుండీ పెట్టుకోవడం అనే పాఠం

ఆ ఇరవై ఒకటో పనిని నేర్పే పద్ధతి మీద కూడా లోతైన పరిశోధన జరిగింది. చొక్కా గుండీ పెట్టుకోవడాన్నే తీసుకుందాం. మనకు అది ఒక్క పని. విడగొట్టి చూస్తే ఐదు పనులు. ఎడమచేత్తో కాజా ఉన్న అంచు పట్టుకోవాలి. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు మధ్య గుండీ పట్టుకోవాలి. గుండీని కాస్త వాల్చి దాని అంచును కాజాలోకి నెట్టాలి. అవతలి నుంచి ఆ అంచును అందుకోవాలి. చివరికి గుండీ మొత్తం బయటికి లాగాలి. ఈ ఐదింటిలో ఏ ఒక్కటి తప్పినా గుండీ పడదు. పిల్లాడు విసిగి చొక్కా విసిరేస్తాడు, ఇంట్లోవాళ్లు ఇక వాడికి రాదని తీర్మానిస్తారు.

ఇలాంటి చోట నేర్పడం వెనక నుంచి మొదలుపెడితే మంచి ఫలితం ఉంటుంది. మొదటి నాలుగు పనులూ టీచరు చేసి, గుండీ సగం బయటికి వచ్చి ఉండగా ఆపుతుంది. చివరి లాగుడు పిల్లాడు లాగుతాడు. గుండీ పడింది! అది బాగా వచ్చాక చివరి రెండు పనులు వాడికి వదిలేస్తుంది, తర్వాత మూడు. ఇలా ప్రతి ప్రయత్నమూ పని పూర్తి కావడంతోనే ముగుస్తుంది. మొదటి పని నుంచి నేర్పితే పిల్లాడి వంతు ఎప్పుడూ మధ్యలో, పని కాకముందే ఆగిపోతుంది. చేసినదానికి ఫలితం వెంటనే కళ్లబడితే ఆ పని మళ్లీ చేయాలనిపిస్తుంది. నేర్చుకోవడం గురించి మనస్తత్వ శాస్త్రం గట్టిగా నిరూపించిన సూత్రం ఇది. మొదట వదులుగా ఉన్న చొక్కా, పెద్ద గుండీలు తీసుకుంటే ఇంకా తేలిక.

ఎంత సాయం చేస్తున్నామో రాసిపెట్టుకోవడం ఈ పద్ధతిలో కీలకం. చేయి పట్టి చేయించామా, చేసి చూపించామా, సైగ చేశామా, నోటిమాటతో సరిపోయిందా, సొంతంగానే చేశాడా? నెల కిందట చేయి పట్టి చేయించిన పని ఈ నెల నోటిమాటతో అయిపోతుంటే అది నిజమైన ప్రగతి. సాయాన్ని మెల్లగా తగ్గించుకుంటూ పోవడమే బోధన. మన ఇళ్లలో ప్రేమ ఎక్కువై ఇక్కడే పొరపాటు జరుగుతుంది. పదేళ్ల పిల్లకు కూడా అమ్మో నాయనమ్మో అన్నం కలిపి ముద్దలు పెడుతూనే ఉంటారు. ఆ పిల్ల చేయి ఆ పని నేర్చుకునే అవకాశం పోతుంది.

ఇలా విడగొట్టి, చేతికి వస్తువు ఇచ్చి నేర్పే పద్ధతి అందరు పిల్లలకూ పనికొస్తుందని చరిత్ర ఎప్పుడో చూపించింది. మరియా మాంటిస్సోరి మొదట రోములో బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలతో పనిచేశారు. ఫ్రెంచి వైద్యులు ఇటార్, సెగ్విన్ వేసిన దారిలో నడిచి, వేళ్లతో తడిమే చెక్క అక్షరాల వంటి పరికరాలు వాడారు. 1907లో అవే పద్ధతులను మామూలు పిల్లల కోసం తెరిచిన బడిలోకి తెచ్చారు. 1939లో ఆమె మద్రాసు అడయారుకు వచ్చి మన ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. ఇవాళ వేలకు వేలు ఫీజు కట్టి చేర్చే మాంటిస్సోరి బడుల విద్య పుట్టింది సమాజం వదిలేసిన పిల్లల దగ్గర.

మన లిపి పెట్టే పరీక్ష

2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. 1995 చట్టంలో ఇవి ఏడే. కొత్తగా చేరినవాటిలో చదవడం, రాయడం, లెక్కలు చేయడంలో వచ్చే ప్రత్యేక ఇబ్బందులు ఉన్నాయి. మామూలు తెలివి ఉండి, కళ్లు చెవులు బాగుండి, బడికి రోజూ వస్తున్నా అక్షరం పట్టుబడని పిల్లలు వీళ్లు. వీళ్ల మీద ప్రపంచంలో జరిగిన పరిశోధనలో ఎక్కువ భాగం ఇంగ్లీషు చదివే పిల్లల మీద జరిగింది. ఇంగ్లీషులో అక్షరాలు 26. తెలుగులో గుణింతాలన్నీ లెక్కపెడితేనే నాలుగు వందలు దాటుతాయి, ఒత్తులు కలిస్తే ఇంకా ఎన్నో.

బెంగళూరుకు చెందిన సోనాలి నాగ్ కన్నడ పిల్లల మీద చేసిన పరిశోధన 2007లో వెలువడింది. కన్నడ లిపి మనకు తోబుట్టువు కాబట్టి ఆ ఫలితాలు మనకూ దారి చూపుతాయి. ఇంగ్లీషు పిల్లలు మొదటి ఒకటి రెండేళ్లలోనే అక్షరాలన్నీ నేర్చేస్తారు. కన్నడ పిల్లలకు అక్షరాల మీద పట్టు రావడానికి నాలుగో తరగతి దాకా పడుతోంది. రెండో తరగతి పిల్లకు ఒత్తులు రాకపోతే ఇంగ్లీషు కొలతబద్దతో చూసి సమస్య ఉందనడం తప్పు. ఐదో తరగతిలో కూడా గుణింతాలే తడబడుతుంటే, వస్తుందిలే అని వదిలేయడం కూడా తప్పే. ఎవరి లిపికి వారి కొలత ఉండాలి. జాతీయ మెదడు పరిశోధన కేంద్రం 2015లో భారతీయ భాషల కోసం డిస్లెక్సియా పరీక్షలు విడుదల చేసింది. ఆ తొలి విడతలో హిందీ, మరాఠీ, కన్నడ, ఇంగ్లీషు ఉన్నాయి.

ప్రేమ అన్న రెండక్షరాల మాటను పిల్లవాడి కంటితో చూడండి. చెవికి వినిపించే వరస ప, ర, ఏ. కంటికి కనిపించే వరస వేరు. ఏత్వం ప నెత్తి మీద ఉంటుంది, కానీ పలకవలసింది ర తర్వాత. ర తన రూపమే మార్చుకుని ఒత్తుగా మారింది. ఇప్పుడు ముగ్గురు పిల్లలు ఈ మాటను డిక్టేషన్‌లో తప్పు రాశారనుకుందాం. ఒకరు పేమ అని రాశారు. ఆ పిల్లకు అచ్చు అందింది, ర జారిపోయింది. ప్రే, పే జంటగా పలికించి రెండింటికీ తేడా చెవికి పట్టించాలి. ఇంకొకరు పెరేమ అని రాశారు. ఈ పిల్లాడు ర ను బాగానే విన్నాడు, ఒత్తుగా కలపడం రాలేదు. వాడికి కావలసింది ర ఒత్తు రాసే సాధన. మూడో పిల్ల ప్రెమ అని రాసింది. ఒత్తు వచ్చింది, హ్రస్వం దీర్ఘం దగ్గరే తేడా. ఎర్ర పెన్నుతో ముగ్గురికీ ఒకే ఇంటూ మార్కు కొడితే ఈ సమాచారమంతా పోతుంది. తప్పును చదవగలిగిన టీచరుకు ప్రతి తప్పూ రేపటి పాఠం చెబుతుంది.

2022-23 నుంచి తెలంగాణ సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీషు మీడియం తెచ్చారు, పుస్తకాలు రెండు భాషల్లో ఇస్తున్నారు. అంటే కందుకూరు పిల్లలు ఇప్పుడు రెండు లిపులు ఒకేసారి మోస్తున్నారు. చదవలేకపోతున్న పిల్లను రెండు భాషల్లోనూ పరీక్షించాలి. తెలుగులో హాయిగా చదివి ఇంగ్లీషులో తడబడే పిల్లది వైకల్యం కాదు, ఆమెకు ఇంకొంత కాలం, ఇంకొంత ఇంగ్లీషు మాట కావాలి.

ఆరు చుక్కలు, రెండు చేతులు

చూపులేని పిల్లల విషయంలో ఆటంకం చాలావరకు పుస్తకంలో ఉంటుంది. లూయీ బ్రెయిల్ రెండు వందల ఏళ్ల కిందట ఆరు చుక్కలతో 63 గుర్తులు తయారు చేశాడు. 1951లో భారతీయ భాషలన్నిటికీ ఉమ్మడిగా భారతి బ్రెయిల్ ఖరారైంది. అందులో మన క కు, హిందీ క కు, ఇంగ్లీషు కె కు ఒకటే గుర్తు, ఒకటో చుక్క, మూడో చుక్క. గుణింతపు గుర్తులు నెత్తి మీదకూ కిందకూ పోవు. హల్లు తర్వాత అచ్చు, పలికే వరసలోనే వేళ్ల కిందకు వస్తాయి.

మచిలీపట్నం దగ్గరి పల్లెలో పుట్టిన శ్రీకాంత్ బొల్లా పుట్టుకతోనే చూపులేనివాడు. హైదరాబాదులో, చూపులేని పిల్లల కోసం సాయిబాబా గౌడ్ 1991లో స్థాపించిన దేవనార్ పాఠశాలలో చదివాడు. పదో తరగతి తర్వాత సైన్సు చదువుతానంటే, అంధులకు ఆ కోర్సు ఇవ్వడం కుదరదన్నారు. కోర్టుకు వెళ్లి గెలిచి, పాఠాలను ఆడియోగా చేయించుకుని చదివి, ఇంటర్‌లో 98 శాతం మార్కులు తెచ్చుకున్నాడు. అమెరికాలోని ఎంఐటీలో చదివి వచ్చి 2012లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ స్థాపించాడు. ఆయన దారిలో అడ్డుగా నిలిచింది ఒక నిబంధన. పాఠం చెవికి అందేలా మారిన తర్వాత ఆ నిబంధనకు ఆధారమే లేకపోయింది.

వినికిడి లేని పిల్లల సంగతి ఇంకా సున్నితమైనది. 1880లో మిలాన్‌లో జరిగిన మహాసభ బధిరుల బడుల్లో సైగల భాష వద్దని తీర్మానించింది. ఆ ప్రభావంతో ప్రపంచమంతటా పిల్లల చేత బలవంతంగా నోటితోనే పలికించే పద్ధతి దాదాపు వందేళ్లు నడిచింది. తర్వాతి పరిశోధన ఆ తీర్మానాన్ని తప్పని తేల్చింది. కెనడాలో రేచెల్ మేబెరీ, ఆమె సహచరులు 2002లో నేచర్ పత్రికలో ఒక విషయం నిరూపించారు. పసితనంలో ఏదో ఒక భాష, అది నోటిదైనా చేతిదైనా, పూర్తిగా అందిన పిల్లలు పెద్దయ్యాక ఇంకో భాష బాగా నేర్చుకోగలిగారు. ఏ భాషా అందకుండా పసితనం గడిచినవారికి తర్వాత నేర్చుకున్న భాష కూడా అరకొరగానే వచ్చింది. సైగలు నేర్పితే మాట రాదన్న భయం మన తల్లిదండ్రుల్లో ఇంకా ఉంది. వినికిడి యంత్రం పెట్టించండి, మాట నేర్పించండి, దానితోపాటు సైగల భాష కూడా మొదటి రోజు నుంచే ఇవ్వండి. బిడ్డకు భాష లేని కాలం ఒక్క ఏడాది కూడా ఉండకూడదు.

ఎక్కడ కూర్చోబెట్టాలి?

ప్రత్యేక పాఠశాల మంచిదా, ఊరి బడే మంచిదా? తల్లిదండ్రులు ఎక్కువగా అడిగేది ఇదే. 1994లో స్పెయిన్‌లోని సలమాంకాలో 92 దేశాల ప్రభుత్వాలు పిల్లలందరూ ఒకే బడిలో చదవాలనే దిశగా ప్రకటన చేశాయి. 2016 చట్టం ప్రకారం 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న 6 నుంచి 18 ఏళ్ల పిల్లలకు ఊరి బడిలోగానీ, కోరుకుంటే ప్రత్యేక పాఠశాలలోగానీ ఉచితంగా చదివే హక్కు ఉంది. అయినా 2019లో భారతదేశంపై యునెస్కో విడుదల చేసిన నివేదిక ప్రకారం వైకల్యం ఉన్న ఐదేళ్ల పిల్లల్లో నాలుగింట మూడొంతుల మంది ఏ విద్యాసంస్థకూ వెళ్లడం లేదు.

మిగతా తల్లిదండ్రులకు ఒక భయం ఉంటుంది. ఇలాంటి పిల్లలు తరగతిలో ఉంటే మా పిల్లల చదువు దెబ్బతింటదేమో అని. 2007లో బ్రిటన్ పరిశోధకులు 26 అధ్యయనాలను కలిపి సమీక్షించారు. ఫలితాల్లో 81 శాతం, తోటి పిల్లలకు మేలు జరిగిందనో, ఏ తేడా రాలేదనో చెప్పాయి. 2016లో హార్వర్డ్ ఆచార్యుడు థామస్ హెహిర్ నాయకత్వంలో 25 దేశాల 280 అధ్యయనాలను పరిశీలించినప్పుడు కూడా ఇలాంటి ముగింపే వచ్చింది. ఆ భయానికి ఆధారం లేదు.

వైకల్యం ఉన్న పిల్లల సొంత చదువు గురించి పరిశోధన చెప్పేది ఇంకాస్త జాగ్రత్తగా వినాలి. 2022లో డెన్మార్క్ పరిశోధకులు డాల్‌గార్డ్ బృందం చేసిన సమీక్షలో, మామూలు తరగతిలో కూర్చోబెట్టడం వల్ల మాత్రమే సగటున చదువు పెరగలేదు, తగ్గనూ లేదు. కొందరు పిల్లలు బాగుపడ్డారు, కొందరికి అది సరిపడలేదు. నా దృష్టిలో దీని అర్థం స్పష్టం. ఊరి బడిలో చదవడం హక్కు, అందులో రాజీ లేదు. కానీ బెంచీ మీద చోటు ఇచ్చినంత మాత్రాన చదువు రాదు. హాజరుపట్టీలో పేరు ఉండి, రోజంతా కిటికీలోంచి బయటికి చూసే పిల్ల బడిలో ఉన్నట్టు కాదు.

ఉమ్మడి రాష్ట్రం నాడే మన దగ్గర దీనికి ఒక మంచి ఏర్పాటు మొదలైంది. అవే మండలాల్లోని భవిత కేంద్రాలు. వీటిలో పనిచేసే ప్రత్యేక ఉపాధ్యాయులను ఐఈఆర్‌పీలు అంటారు. పిల్లలకు ఫిజియోథెరపీ, కూర్చోవడానికి నడవడానికి పరికరాలు, ఆటవస్తువులతో పాఠాలు అక్కడ అందాలి. నడవలేని, తీవ్ర వైకల్యం ఉన్న పిల్లల ఇంటికే వెళ్లి నేర్పడం కూడా వాళ్ల పనే. 2012లో విద్యాహక్కు చట్టానికి చేసిన సవరణ ఇంటి దగ్గర చదువును హక్కుగా గుర్తించింది. ఊరి బడికీ, ప్రత్యేక నైపుణ్యానికీ మధ్య వంతెన వేసే ఆలోచన ఇది. కానీ ఊరూరా చెదిరి ఉన్న పిల్లలందరినీ, అన్ని రకాల వైకల్యాలనూ ఒకరిద్దరి మీద వదిలేస్తే ఏ ఒక్క బిడ్డకూ వారానికి సరిపడా సమయం దొరకదు. గుండీ పాఠం రోజూ సాగితేనే వస్తుంది.

సుప్రీంకోర్టు 2021 అక్టోబరులో రజనీష్ కుమార్ పాండే కేసులో ఈ లోటును గుర్తించి, ప్రత్యేక ఉపాధ్యాయుల నిష్పత్తి నిర్ణయించమంది. మరుసటి ఏడాది కేంద్రం ప్రాథమిక స్థాయిలో పది మంది పిల్లలకు ఒకరు, ఆపై తరగతుల్లో పదిహేను మందికి ఒకరు ఉండాలని ప్రకటించింది. 2025 మార్చిలో కోర్టు మళ్లీ పోస్టులు నోటిఫై చేయమని రాష్ట్రాలను ఆదేశించింది. ఆ పోస్టులు నిండాలి. ఏళ్ల తరబడి కాంట్రాక్టు జీతం మీద నడిచే పనిగా ఇది ఉండకూడదు. పిల్లవాడిని అర్థం చేసుకోవడానికి ఏడాది పడుతుంది, ఆ ఏడాది తర్వాత టీచరు మారిపోతే మళ్లీ మొదటికొస్తుంది.

ఆ నియామకాల కోసం అడుగుతూనే, కందుకూరు మండలంలోగానీ ఇంకెక్కడైనాగానీ ఏ హెడ్మాస్టరైనా ఈ జూన్‌లోనే మొదలుపెట్టగలిగే పని ఒకటుంది. వైకల్యం ఉన్న ప్రతి బిడ్డ పేరా, సర్టిఫికెట్ లేకున్నా చదువులో తడబడుతున్న ప్రతి బిడ్డ పేరా ఒక నోటుబుక్కు తెరవాలి. కంటి పరీక్ష, చెవి పరీక్ష ఏ తేదీన జరిగాయో మొదట రాయాలి. తర్వాత, తల్లిని అడిగి, ఈ బిడ్డకు ఏమేం వచ్చో రాయాలి. ఆ కింద ఈ నెల నేర్పబోయే మూడు పనులు, వాటిని ఏ సాయంతో చేస్తున్నాడో రాయాలి. నెలాఖరున తల్లితో కూర్చుని మళ్లీ చూడాలి. ఏడాది చివర ఆ పుస్తకం పై తరగతి టీచరు చేతికివ్వాలి. మనోవికాస్ నగర్ నుంచి బెంగళూరు దాకా, రోము నుంచి హార్వర్డ్ దాకా జరిగిన పరిశోధన సారం ఆ నోటుబుక్కులో పడుతుంది. దీనికి ఖర్చు ఇరవై ముప్ఫై రూపాయలు. ఇది చేయని బడిలో వైకల్యం ఉన్న బిడ్డ పేరు హాజరుపట్టీలో ఉండవచ్చు, చదువు మాత్రం ఉండదు.